సెరగు మారిన చీర

రాయచూరు
12 జూన్ 2024

శ్రుతి చిన్నమ్మకు రక్షిత రాసేది.

పెళ్ళయి ఏడాది దాటినా నిన్ను ఏమని పిలవాలో నాకు ఇంకా తేలలేదు. మా అమ్మకు చెల్లెలివి కాబట్టి చిన్నమ్మవు. మామకు కూడా చెల్లెలివి కాబట్టి ఇప్పుడు ఆడబిడ్డవు. అమ్మ తమ్ముణ్ణే చేసుకున్నాను కాబట్టి ఈ చిక్కు నాదే. చిన్నమ్మ అనే రాస్తాను. ఆడబిడ్డ అని రాస్తే అక్షరాలు చెడతాయి.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకు అనుకుంటావు. ఇంట్లో ఫోన్ మీ అమ్మ దగ్గర ఉంటుంది, నాకు అత్త అయినా ఇంకా అవ్వ అనే అంటున్నాను. ఎవరు చేసినా స్పీకర్ పెట్టి వింటుంది. మామ ఫోన్ చీరల దుకాణంలో పదిమంది చేతుల్లో తిరుగుతుంది. అదీగాక ఫోన్‌లో నా గొంతు రాదు. కాగితం మీదైతే కొంచెం వస్తుంది.

ఒక చిన్న పని ఉంది. మన దుకాణానికి వచ్చే యాపలదిన్ని ఉలిగెమ్మ తెలుసు కదా, ఇలకల్ చీర తప్ప కట్టదు. ఆమె చెల్లెలి ఇంట్లో ఎవరికో రక్తం పరీక్ష చేశారట. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. నువ్వు హైదరాబాదులో ఇలాంటి పరీక్షల ల్యాబులోనే పని చేస్తావని చెప్పాను. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు అక్షరాలు చూసి రాసుకున్నాను. బి సి ఆర్, అడ్డగీత, ఎ బి ఎల్, ఒకటి. కింద చిన్న అక్షరాలతో ఇ, పద్నాలుగు, ఎ, రెండు. పక్కన పాజిటివ్ అని ఉంది. ఇదేం జబ్బు? మనిషి బతుకుతాడా?

ఇక్కడ అందరం బాగున్నాం. ఎండ తగ్గలేదు. నేను చీరలకు ఫాల్స్ కుడుతున్నాను, చిరిగినవాటికి రఫూ చేస్తున్నాను. మామ మూడు నెలలుగా దుకాణం పై గదిలోనే పడుకుంటున్నాడు. ఎలుకలు చీరలు కొడుతున్నాయట. మన దుకాణంలో ఎలుకలు లేవు చిన్నమ్మా, పిల్లి ఉంది. నేను ఏడో తరగతి దాకే చదివానని ఆయనకు నాతో ఊసుపోదేమో. అది వేరే సంగతి, నువ్వు పట్టించుకోకు.

జవాబు తొందరగా రాయి. ఉలిగెమ్మ అడుగుతూ ఉంది.

నీ రక్షిత


హైదరాబాదు
20 జూన్ 2024

వదినగారి పాదాలకు ఆడబిడ్డ శ్రుతి నమస్కారాలు.

భయపడ్డావా? మంచిదే. నీకు మూడేళ్ళప్పుడు నిన్ను చంకనెత్తుకుని మక్తల్ వీధుల్లో తిప్పినదాన్ని. నాకప్పుడు ఆరేళ్ళు. నువ్వు నాకన్నా బరువుండేదానివి. ఆ నడుం నొప్పికి బదులు ఇప్పుడు నువ్వు నాకు వదినవై కూర్చున్నావు.

ఉత్తరంలో తప్పులుంటే గురువుదే బాధ్యత. నాది రాయచూరు కన్నడ బడి చదువు. వేసవి సెలవుల్లో మీ ఇంటికొస్తే నువ్వే కదా పలక మీద తెలుగు అక్షరాలు దిద్దించింది. ఇప్పటికీ నా తలకట్లు కన్నడంలోకి పారిపోతాయి.

ఉలిగెమ్మకు ముందు ధైర్యం చెప్పు. అది ఒక రకం రక్తపు క్యాన్సరే. కానీ ఆ రకానికి ఇప్పుడు మంచి మందుంది. రోజూ ఒక మాత్ర, అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్ళతో. మానకుండా వేసుకుంటే చాలామంది మామూలుగా బతుకుతారు. మానడమే ప్రమాదం.

నువ్వు దిద్దిన ముగ్గులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. అది రెండు జీన్ల పేరు. జీను అంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చే రాత. ఒళ్ళు ఎలా నడవాలో అందులో ఉంటుంది. ఆ రాత ఏకబిగిన ఉండదు. ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ముక్కల మధ్య అర్థం లేని పొడుగాటి ఖాళీలు. ఎ బి ఎల్ జీనులో పదకొండు ముక్కలు. మొదటి ముక్క తర్వాతి ఖాళీ మిగతా జీను మొత్తం కన్నా పొడుగు. ఈ జబ్బులో ఆ ఖాళీ దగ్గరే తెగుతుంది. తెగి, వేరే చోట ఉండే బి సి ఆర్ తల వచ్చి దీనికి అతుక్కుంటుంది. బి సి ఆర్ పద్నాలుగో ముక్క, ఎ బి ఎల్ రెండో ముక్క పక్కపక్కన చేరాయని ఆ చిన్న అక్షరాలకు అర్థం. అడుగున బొమ్మ గీశాను. పెట్టెలు ముక్కలు, గీతలు ఖాళీలు. ల్యాబులో పని నేర్చుకునే పిల్లలకు బోర్డు మీద ఇదే గీస్తాను, వాళ్ళూ నీలాగే నోరెత్తరు.

ఎలుకల కథ నాకు బాగా నచ్చింది. అన్నకు పిల్లి మీద నమ్మకం లేదన్నమాట. పుంటికూర పప్పు చేసి క్యారియరు పంపకు. ఇంటికి వస్తేనే పెడతానని చెప్పు. శుభవార్త ఎప్పుడు చెబుతావు? అమ్మ నన్ను అడుగుతోంది, నన్నెందుకు అడుగుతుందో నాకు తెలియదు.

నీ చిన్నమ్మ, కోపం వస్తే ఆడబిడ్డ,
శ్రుతి


రాయచూరు
3 జూలై 2024

చిన్నమ్మకు,

నీ ఉత్తరం అవ్వ చేతికే చిక్కింది. తనకు చదువు రాదు కదా, వాసన చూసి, "శ్రుతిది. ల్యాబు మందు కంపు కొడ్తుంది. చదువే పిల్లా" అంది. ఏం చెయ్యను? నువ్వు రాయనిదంతా చదివాను. శ్రుతి రోజూ దీపం పెడుతుందట, సోమవారాలు ఒక్కపొద్దు ఉంటుందట, తలకు నూనె పెట్టుకుంటుందట అన్నాను. అవ్వ కళ్ళు తుడుచుకుంది. ఇక నుంచి సోమవారాలు నువ్వు అన్నం తినడానికి లేదు. నన్ను క్షమించు.

నీ బొమ్మ మొదట అర్థం కాలేదు. ఇలకల్ చీర మడతలు సర్దుతుంటే అర్థమైంది. ఆ చీర ఒళ్ళు వేరే పడుగు, కొంగున వచ్చే సెరగు వేరే పడుగు. దారానికి దారం కొండి వేసి రెంటినీ కలుపుతారు. ఒంటి రంగు ఏదైనా సెరగు మాత్రం ఎర్రగానే ఉంటుంది. ఒక చీర సెరగు తీసి ఇంకో చీరకు అతికారనుకో, కత్తెర పువ్వు మీద పడితే పువ్వు తెగి తప్పు బయట పడుతుంది. సాదా మీద పడితే ఎవరికీ తెలియదు. మీ జీనులో కూడా కత్తెర సాదా మీదే పడింది, అంతే కదా? నేసేవాడు సెరగు రాగానే చీర అయిపోయిందని చెయ్యి ఆపుతాడు. సెరగు పరాయిదైతే ఆగడం తెలియక నేస్తూనే ఉంటాడు. అందుకే రక్తం పెరిగిపోతుందా? తప్పయితే నవ్వుకో, ఎవరికీ చెప్పకు.

ఒక్క మాట అడగాలి. జీను అమ్మానాన్నల నుంచి వస్తుందని రాశావు. అయితే తమ్ముడికి ఉన్నది అక్కకూ ఉంటుంది. అక్కకు ఉంటే అక్క కూతురికీ ఉంటుంది. ఉలిగెమ్మ చెల్లెలి ఇంట్లో ఆ మనిషి అక్క కూతుర్నే చేసుకున్నాడు. అప్పుడు పుట్టే బిడ్డకు రెండు వైపులా అదే వస్తుంది కదా. ఆ పిల్ల మంచిదనుకో, తనంతట తాను పుట్టింటికి పోయి, ఆయనకు వేరే ఇంటి సంబంధం చూడమంటే, అది పుణ్యమే కదా? ఉలిగెమ్మ అడగమంది.

అవ్వ నన్ను దేవసూగూరు తీసుకుపోయింది. సూగూరేశ్వరునికి మొక్కింది. నా తరఫున కూడా తనే మొక్కింది, నా గొంతు దేవుడికి వినబడదట. ఎవరి కోసం మొక్కిందో చెప్పలేదు, వచ్చే ఏడాది మామ, నేను ముగ్గురమై రావాలంది.

నీ రక్షిత


హైదరాబాదు
11 జూలై 2024

రక్షితా,

ఈసారి వదినా గిదినా లేదు.

సోమవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే అమ్మ ఫోన్. "ఒక్కపొద్దు ఉన్నవా బిడ్డా?" అంది. ముద్ద మింగకుండా ఉన్నానన్నాను. అది నీ ఖాతా పాపం. అలా మాటల్లో ఉలిగెమ్మ చెల్లెలు ఎలా ఉందని అడిగాను. "ఉలిగెమ్మకు చెల్లెలెక్కడిది? ఒక్కతే పుట్టింది, అందుకే గంత గడుసుది" అంది.

కాబట్టి ఆ కాగితం ఎవరిదో నాకు తెలిసిపోయింది. జబ్బు మగమనిషికని రాసింది కూడా ఆ చెల్లెలి లాంటి అబద్ధమే. అది నీది. అక్క కూతురు నువ్వే. పుట్టింటికి పోదామనుకుంటున్న ఆ మంచి పిల్లా నువ్వే. అన్న పైన పడుకోవడం, నీతో ఊసుపోకపోవడం, అన్నీ కలుపుకున్నాను. ఇంత జబ్బు పెట్టుకుని చీరలకు ఫాల్స్ కుడుతున్నావా? మాత్ర వేసుకుంటున్నావా లేదా? పూట కూడా తప్పకూడదు. ఇంకో మాట, సిగ్గుపడకుండా విను. ఆ మాత్ర వేసుకుంటున్నప్పుడు కడుపు రాకూడదు, బిడ్డకు మంచిది కాదు. డాక్టరును అడగకుండా ఏమీ చెయ్యకు.

నీ చీర సంగతి ల్యాబులో నలుగురికి చెప్పాను, చెప్పకు అన్నావు కాబట్టి. మా మేడమ్ రెండుసార్లు చెప్పించుకుంది. ఖాళీలో తెగడం వల్లే ముక్కలు చెడకుండా కొత్త అతుకు పని చేస్తుంది, ఈ పిల్ల ఎక్కడ చదివింది అంది. మక్తల్ అన్నాను. ఏ కాలేజీ అంది. నేను మాట మార్చాను.

వెంటనే రాయి. లేకపోతే నేనే బస్సెక్కి వస్తాను.

శ్రుతి


రాయచూరు
19 జూలై 2024

చిన్నమ్మకు,

రావద్దు. నాకేం లేదు. ఆ కాగితం నాది కాదు, మామది.

ఎండాకాలం మొదట్లో సగం రొట్టెకే కడుపు నిండిందనేవాడు. ఎడమవైపు చెయ్యి పెట్టుకునేవాడు. తర్వాత సరుకు తేవాలని బెంగళూరు పోయాడు. వచ్చేటప్పుడు చీరలు తక్కువ, అలసట ఎక్కువ. ఆ వారమే పై గదికి మారాడు. జూన్‌లో నేను ఆ గది ఊడ్చడానికి పోతే, చీరల్లో పెట్టే నాఫ్తలీన్ గోళీల డబ్బాలో మందుల అట్టలు, మడిచిన కాగితం కనబడ్డాయి. ఉన్నవి ఉన్నట్టే పెట్టేశాను. నేను చూశానని ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు, అవ్వకు కూడా. రోజూ ఊడ్చే సాకుతో పోయి అట్ట చూసి వస్తాను. ఒక్క మాత్ర కూడా మానలేదు. ఆ మాట నీకు చెప్పాలనిపించింది.

నీకు అబద్ధం రాసినందుకు చెంపలు వేసుకుంటున్నాను. ఉలిగెమ్మకు కూడా, లేని చెల్లెల్ని అంటగట్టాను.

ఇప్పుడు నాకంతా తెలిసింది. మాత్ర వేసుకున్నన్నాళ్ళు పిల్లలు కూడదని నువ్వే రాశావు. అందుకే ఆయన పైన పడుకుంటున్నాడు. ఆ పైన నాదీ అదే రక్తం. పరాయి ఇంటి పిల్ల అయితే సగమైనా మంచి రక్తం కలుస్తుంది. ఆయన నన్ను చేసుకున్నదే నాకు సంబంధం కుదరక మా అమ్మ పెట్టుకున్న కన్నీళ్ళు చూడలేక. అందుకని నేను ఒక పని అనుకున్నాను. నాగుల పంచమికి ఆడపిల్లలు పుట్టింటికి పోయేదే కదా. ఆగస్టు తొమ్మిది పంచమి. ఎనిమిదిన మక్తల్ పోతాను. ఉయ్యాల ఊగుతాను, పేలాలు, బెల్లం తింటాను, ఇక తిరిగి రాను. మామ అడగడు. ఎందుకు రాలేదని అడగడం కూడా ఆయనకు సిగ్గే. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ సిగ్గరో అవ్వకే తెలియదు.

నీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించాను. ఈసారి నువ్వు గోడ మీద సూగూరేశ్వరుని పటం పెట్టుకున్నావు.

నీ రక్షిత


హైదరాబాదు
26 జూలై 2024

రక్షితా,

నీ ఉత్తరం చదివి ల్యాబు మెట్ల మీద కూర్చుండిపోయాను. అన్న చిన్నప్పుడు నా పెన్సిళ్ళన్నీ చెక్కి పెట్టేవాడు, ముల్లు విరిగితే తనే ఏడ్చేవాడు. వాడు ఈ కాగితం ఒక్కడే మడిచి గోళీల డబ్బాలో దాచుకున్నాడా? ఫోన్ చెయ్యబోయాను. రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. నీకు చెప్పని మాట వాడు నాకు చెబితే, ఆ బాధ నీకు జన్మంతా ఉంటుంది. కాబట్టి ఇది నీ పని.

ముందు నా తప్పులు ఒప్పుకుంటాను. ఈ పాఠానికి గురువును నేను, నేనే దిద్దుకోవాలి.

నేను మాత్ర గురించి రాసింది ఆడవాళ్ళకు. నీకు జబ్బనుకుని రాశాను. మగవాళ్ళ సంగతి వేరు, మామూలుగా డాక్టర్లు వద్దనరు. అయినా వాళ్ళ డాక్టరునే అడగాలి, నన్ను కాదు.

ఇంకో తప్పు పెద్దది. జీను అమ్మానాన్నల నుంచి వస్తుందన్నాను. జీను వస్తుంది. ఈ అతుకు రాదు. అన్న పుట్టినప్పుడు రెండు జీన్లూ వాటి చోట్ల సరిగ్గానే ఉన్నాయి. పెద్దయ్యాక ఎముక మూలుగలో ఒకే ఒక్క కణంలో తెగి అతుక్కున్నాయి. ఆ కణానికి పుట్టినవే రక్తం నిండా తిరుగుతున్నాయి. పిల్లలను కనే విత్తనంలో ఆ మార్పు లేదు. మా అమ్మలో లేదు, మీ అమ్మలో లేదు, నీలో లేదు. నీకు పుట్టే బిడ్డకు అది తండ్రి నుంచి రాదు. మేనరికంలో వేరే చిక్కులు ఉండొచ్చు, అవి డాక్టరును విడిగా అడగండి. ఈ జబ్బు మాత్రం మేనరికం పెట్టింది కాదు.

అన్న కూడా నీలాగే తప్పు లెక్క కట్టి ఉంటాడు. అక్క బిడ్డకు తన జబ్బు అంటగడతానేమోనని పైన పడుకున్నాడు. నువ్వు నీ రక్తం అంటగడతావేమోనని కింద పడుకున్నావు. ఇంటికి ఒక్క బుద్ధిమంతుడు చాలు, ఇద్దరుంటే ఇల్లు మునుగుతుంది.

పంచమికి ఇంకా రెండు వారాలున్నాయి. నోటితో చెప్పలేకపోతే చూపించు. నీ చేతిలో సూది ఉంది కదా.

సోమవారం కూడా పెరుగన్నం తిన్న,
శ్రుతి


రాయచూరు
10 ఆగస్టు 2024

చిన్నమ్మకు,

నిన్న పంచమి. నేను మక్తల్ పోలేదు. ఎందుకు పోలేదో మొదటి నుంచి రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే నా పెట్టెలోని రెండు ఇలకల్ చీరలు తీశాను. ఒకటి నల్లటిది, పెళ్ళిలో అవ్వ పెట్టింది. ఇంకోటి పచ్చది, అమ్మ పెట్టింది. వాటి మీద కత్తెర పెట్టాను. చీరల ఇంట్లో చీర మీద కత్తెర పెట్టడం ఎంత తప్పో నీకు తెలుసు. కళ్ళు మూసుకుని, పువ్వు లేని సాదా దగ్గర కోశాను. ఎనిమిది రోజులు మధ్యాహ్నాలు కూర్చుని, నల్ల చీర సెరగు పచ్చ చీరకు, పచ్చ చీర సెరగు నల్ల చీరకు, పోగు పోగు ముడివేసి, పైన రఫూ చేశాను. రెండు సెరగులూ ఎర్రవే కదా. నా రఫూ ఇంత బాగుంటుందని నాకే తెలియదు.

ఏడో తేదీ మధ్యాహ్నం మామ భోజనానికి వచ్చాడు. క్యారియరు పంపలేదు, పుంటికూర పప్పు ఇంట్లోనే ఉందని కబురు పెట్టాను. తిన్నాక నల్ల చీర ఆయన ముందు పరిచాను.

"మామా, ఈ చీరల తప్పు ఏడుందో చెప్పు" అన్నాను. పెళ్ళయ్యాక ఆయనతో నేను అన్న అన్ని మాటల్లో ఇదే పొడుగు.

"ఏంది, గిరాకీ వాపస్ తెచ్చిండ్రా?" అంటూ వెలుతురుకు పట్టి చూశాడు. అంచు చూశాడు, పోగులు చూశాడు. "సక్కగనే ఉంది. ఏం తప్పు?"

"సెరగు దీనిది కాదు."

మళ్ళీ చూశాడు. చీరలో పేను దూరినా పట్టుకుంటాననే మనిషికి చెమటలు పట్టాయి కానీ అతుకు దొరకలేదు. "ఎవరు మార్చిండ్రు? నేతోళ్ళా?"

"నేనే."

"కత్తెర పెట్టినవా? పెండ్లి చీరకు? ఎందుకే?"

నేను గోళీల డబ్బా తెచ్చి చీర మీద పెట్టాను. ఆయన డబ్బా వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఎవరు చెప్పిండ్రు నీకు?" అన్నాడు.

"ఎలుకలు" అన్నాను.

నవ్వాలో ఏడవాలో ఆయనకు తెలియలేదు. తల దించుకుని అన్నాడు. "అక్కకు ఏమని చెప్పాలె రక్షితా. నీ బిడ్డకు జబ్బోణ్ణి కట్టబెట్టినవ్, రేపు పుట్టెటోనికి కూడ గిదే ఇస్త అనాల్నా? నువ్వే ఇసిగి పుట్టింటికి పోతవని చూసిన."

"పోదామనే ఉంటి. బ్యాగు కూడ సర్దిన."

ఆయన ముఖం చూసి నాకు నోరు వచ్చింది చిన్నమ్మా. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. కత్తెర పువ్వు మీద పడలేదు, సాదా మీద పడింది, అందుకే నీకు దొరకలేదు అన్నాను. పరాయి సెరగు పడేసరికి ఆగడం తెలియక రక్తం నేస్తూనే పోయింది, మాత్ర ఆ చెయ్యి పట్టుకుంటుంది అన్నాను. అతుకు మీద వేలు పెట్టి అన్నాను.

"సెరగు మారింది ఈ ఒక్క చీరకు. మగ్గానికి ఏం కాలేదు మామా. ఆ మగ్గం మీద రేపు నేసే చీర సక్కగనే వస్తది."

ఆయన ఆ చీర మడత పెట్టబోయి, మడత రాక, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఏడో తరగతి చదివి గిదంతా ఎట్ల తెల్సు నీకు?" అన్నాడు.

"జీనుల పదకొండు ముక్కలుంటే, రెండో ముక్క దాక చదివితే చాలంట" అన్నాను. అప్పుడు నవ్వాడు.

అంతలో అవ్వ వచ్చింది. "నడి ఇంట్ల చీర పరిచిండ్రు, గిరాకీ ఎవరు?" అంటూ కూర్చుని, చీర తిరగేసి, కళ్ళు ఎటో పెట్టి బొటనవేలితో అడుగు వైపు తడుముకుంటూ పోయింది. సరిగ్గా అతుకు దగ్గర వేలు ఆగింది. "ఈ సెరగు దీనిది కాదు. ఎవరే మార్చింది?" అంది. మామ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇక దాచడానికి లేదు. మామే చెప్పాడు, మొత్తం.

అవ్వ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తర్వాత, "మాత్ర ఏస్కున్నవా ఇయాల?" అని అడిగింది. ఇంకా లేదన్నాడు. తనే లేచి పెద్ద గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం దుకాణం గడప మీద నిలబడి గిరాకీల ముందే అడుగుతోంది. అవి దేని మాత్రలని వాళ్ళు అడిగితే, చెప్పిన మాట వినడానికట.

తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచి అంది. "దుకాణంల ఎలుకలు లేవని నాకు తెల్వదా? ఏదో ఉందని దేవుని కాడికి పోయిన. మీరు ఇద్దరు చెప్తరేమో అని చూసిన." మళ్ళీ పోతూ పోతూ, "శ్రుతి ఒక్కపొద్దు ఉంటలేదని కూడ తెల్సు. మూడు ఉత్తరాలు చదివినవ్, ఒక్కసారన్న కాగితం తిప్పలే నువ్వు" అంది.

నీ రక్షిత

పచ్చ చీర కూడా అవ్వ చూసింది. దాని అతుకు కూడా దొరికింది.


హైదరాబాదు
19 ఆగస్టు 2024

వదినగారికి,

ఇక నిన్ను వదిన అనే పిలుస్తాను. ఆ హక్కు సంపాదించుకున్నావు.

మా ల్యాబులో ఆ అతుకును పట్టుకోవడానికి ఒక యంత్రం ఉంది, గది సగం ఉంటుంది, ఏసీ లేకపోతే అలుగుతుంది. అమ్మ బొటనవేలు ఆ పని చేస్తుందని మేడమ్‌తో అన్నాను. ఆ వేలిని చూడాలంటోంది. మూడు నెలలకోసారి అన్నకు చేసే పరీక్ష అదే. అతుకు ఉన్న కణాలు ఎన్ని మిగిలాయో లెక్క పెడుతుంది. లెక్క తగ్గుతూ రావాలి. ఈసారి బెంగళూరు ఇద్దరూ పోండి. నోరు వచ్చింది కదా, దాచుకోక డాక్టరును నువ్వే అడుగు.

అన్న ఫోన్ చేశాడు. అయిదు నిమిషాలు వాన గురించి మాట్లాడి, "రక్షిత రఫూ చూసినవా నువ్వు?" అన్నాడు. చూడలేదన్నాను. "చూడాలె" అని పెట్టేశాడు. మా అన్న జన్మలో ఇంతకన్నా ప్రేమ మాట వినలేదు నేను.

అమ్మకు చెప్పు, సోమవారాలు నిజంగానే ఉంటానని. రాత్రి దాకా కాదు, మధ్యాహ్నం దాకా.

శ్రుతి


రాయచూరు
2 అక్టోబర్ 2024

చిన్నమ్మకు,

నువ్వు వదిన అన్నా నేను చిన్నమ్మ అనే రాస్తాను. నాకు అలవాటైంది.

బెంగళూరు పోయి వచ్చాం. నేను నల్ల చీరే కట్టుకున్నాను. మామ సెరగు వైపు చూస్తూనే ఉన్నాడు, ఇంకా అతుకు వెతుకుతున్నాడు. లెక్క బాగా తగ్గిందని డాక్టరమ్మ చెప్పింది. మాత్ర జన్మలో మానొద్దని కాదు, చెప్పేదాకా మానొద్దని చెప్పింది. మామ లేవబోయాడు. నేను లేవలేదు. కన్నడంలో, గొంతు వచ్చినంత మటుకు, అడగాల్సింది అడిగాను. మామ కిటికీలోంచి బయటికి చూశాడు. డాక్టరమ్మ నవ్వి, ఈ జబ్బు బిడ్డకు రాదమ్మా, ఈ మాత్రతో తండ్రి కావడానికీ అడ్డం లేదు అంది. మేనరికమని చెబితే మా ఇద్దరికీ ఇంకో రక్త పరీక్ష రాసింది, అది వేరే సంగతుల కోసం. అదీ చేయించాం. భయపడేదేమీ లేదట.

వచ్చే బస్సులో మామ, "అంత మాట ఎట్ల అడిగినవే అందరి ముందు?" అన్నాడు. "అందరు ఎక్కడ, ఒక డాక్టరమ్మ, నువ్వు" అన్నాను. "నాకే సిగ్గయింది" అన్నాడు. ఇంటికొచ్చి ఇది చెప్పాక, మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ సిగ్గరో అవ్వకు తేలిపోయింది.

ఈ ఉత్తరం అవ్వ పక్కన కూర్చునే రాస్తున్నాను. ఏం రాస్తున్నవో ఉన్నదున్నట్టు చదువు అంది. మొదటిసారి ఉన్నదున్నట్టు చదివాను. ఇక్కడిదాకా వచ్చి ఆపేశాను, మిగతాది తను కునుకు తీసినప్పుడు రాస్తున్నాను.

మొన్న మామ పై గదిలోని పరుపు, దిండు కిందికి తెచ్చాడు. అవ్వ చూసి, "ఎలుకలు పోయినయా?" అంది. "పోయినయమ్మా" అన్నాడు, చెవులు ఎర్రగా చేసుకుని. గడప మీద మన పిల్లి పడుకుని ఉంది. అది ఒక కన్ను తెరిచి మామను చూసి, అసలెప్పుడు వచ్చాయి అన్నట్టు మళ్ళీ మూసుకుంది.

నీ రక్షిత